మందమ్మకు తలంటు

శ్రీశైలమ్మ మందలో తొంభై గొర్రెలున్నాయి. సాయంత్రం దొడ్డిలోకి తోలేటప్పుడు వాటిలో ఒక్కటి తగ్గినా ఆమె లెక్కపెట్టకుండానే చెబుతుంది. అదెలా తెలుస్తుందని ఎవరైనా అడిగితే మాత్రం ఆమెకు ఒళ్ళు మండుతుంది.

"మీ ఇంట్లో నలుగురు అన్నానికి కూకుంటే, ఒకరు రాలేదని లెక్కబెట్టి తెలుసుకుంటారా ఏంది?" అంటుంది.

అడిగినవాళ్ళు ఇంకో ప్రశ్న వెయ్యరు. వేసినా లాభం లేదు, అప్పటికే ఆమె ఏ గొర్రె కుంటుతోందో చూడడానికి వెళ్ళిపోయి ఉంటుంది.

పెద్దారవీడు నుంచి ఆటోలో అరగంట పోతే నల్లమల కొండల కాళ్ళ దగ్గర బోడిమిట్ట అనే పల్లె వస్తుంది. పడమటి వైపంతా కొండే కాబట్టి ఆ ఊళ్ళో పొద్దు మిగతా ఊళ్ళకన్నా ముందే గూకుతుంది. అక్కడ పదకొండు ఇళ్ళవాళ్ళు జీవాల మీదే బతుకుతారు. జీవాలంటే గొర్రెలూ మేకలే. బోడిమిట్టలో ఎవరినైనా "బాగున్నారా?" అని అడిగితే "జీవాలు బాగున్నాయి" అని జవాబు చెబుతారు. మనుషుల సంగతి ఆ తర్వాత.

ఇంత చెప్పాక ఒక సంగతి దాచడం న్యాయం కాదు. శ్రీశైలమ్మ గొర్రెలున్న ఇంట్లో పుట్టలేదు. ఆమె పుట్టిల్లు తర్లుపాడు దగ్గర. వాళ్ళ నాయన పలకల గనిలో రాయి కొట్టేవాడు. పందొమ్మిదో ఏట పెద్దయ్యను చేసుకుని బోడిమిట్టకు వచ్చినప్పుడు, మందకు ముందు నడిచి పిలవాలో వెనక నడిచి తోలాలో కూడా ఆమెకు తెలియదు. మొదటి రోజే పక్కింటివాళ్ళ మందను తోలుకొచ్చి తమ దొడ్డిలో పెట్టి తడిక వేసింది. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. అత్త వరసవాళ్ళందరూ ఆమెకు 'రాళ్ళపిల్ల' అని పేరు ఖాయం చేశారు. ఆ పేరు విని ఆమె ఏడ్చింది ఒక్కరోజే. మర్నాటి నుంచి దొడ్డి తడిక పక్కన కూర్చుని ఒక్కో గొర్రె మొహం చూడడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి ఏ పిల్ల ఏ తల్లిదో చేత్తో తడిమి చెప్పేది. నవ్వినవాళ్ళే తమ మందలో పిల్లలు కలిసిపోతే ఆమెను పిలుచుకుపోయేవాళ్ళు. పేరు మాత్రం మారలేదు. ఊళ్ళోవాళ్ళు ఒకసారి పేరు పెట్టాక మార్చుకునే అలవాటు ఎక్కడా లేదు కదా.

నాలుగేళ్ళ కిందట పెద్దయ్య బండల మీద జారి మోకాలు చితగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి మందను కొండకు తోలేది ఆమే. ఆడమనిషి మందతో కొండెక్కడమేమిటని కొందరు ముక్కున వేలేసుకున్నారు. ఆమె భుజాన గొంగడి, చేత కొమ్మలు వంచే దోటి పట్టుకుని వాళ్ళ ముందు నుంచే నడిచిపోయింది. ఇప్పుడు ఆమెకు యాభై మూడేళ్ళు. కొండవాలులో ఆమెకు తెలియని మూల లేదు. తొలకరి పడిన ఎన్నో రోజుకు బోదగడ్డి మొలక జీవాల నోటికి అందుతుందో, కలివి పండ్లు ముందు ఏ వాలులో నల్లబడతాయో, కడుపు ఉబ్బిన గొర్రెను ఏ చెట్టు నీడకు తోలాలో ఆమెకు తెలుసు. కౌజు పిట్టలన్నీ ఒక్కసారిగా నోరు మూస్తే దగ్గర్లో చిరుత ఉందని మందను బండల మధ్యకు మళ్ళిస్తుంది. ఇదంతా ఏ బడిలోనూ చెప్పరు. చెప్పినా మార్కులెయ్యడానికి ఆమెకన్నా పెద్ద పరీక్షాధికారి దొరకడు.

కొండవాలులో పాలచెలమ అని ఒక ఊట ఉంది. పులుల అడవి హద్దుకు బాగా ఇవతలే. మే నెలలో ఊరి బోర్లన్నీ గాలి కక్కినా పాలచెలమలో నీళ్ళు ఉంటాయి. తొలకరి పడగానే పదకొండు మందలూ అక్కడికి ఎక్కుతాయి, దసరా దాకా ఆ చుట్టుపక్కలే మేస్తాయి. తర్వాత దిగివచ్చి రైతుల చేలల్లో ఎరువు కోసం మంద కడతాయి. పాలచెలమ లేకపోతే బోడిమిట్టలో జీవం లేదు.

అక్కడికి పోవడానికి ఉన్నది ఒకటే దారి. ఊరి చివర మొదలై కొండ దాకా పోయే డొంక. డొంకంటే ఎవరి పట్టాలోనూ చేరని దారి, పశువులూ జీవాలూ నడవడానికి పాతకాలం నుంచీ వదిలినది. డొంక మొదట్లో నాలుగు పలకబండలు నిలబెట్టి కట్టిన బుల్లి గుడిలో మందమ్మ ఉంటుంది. మందమ్మకు కళ్ళూ ముక్కూ ఏమీ లేవు. నీళ్ళ కాగంత ఉన్న పసుపు ముద్ద, అంతే. ఏటా అన్నిటికన్నా ముందు ఈనిన గొర్రె ముర్రుపాలు ఆమె మీద పొయ్యాలి. ఆముదం పట్టించి, పసుపు పూసి, కుంకుమ పెట్టాలి. పాత పసుపు మీదే కొత్త పసుపు. దాన్ని గీకకూడదు, గోరు తగలకూడదు, ఇనుము అసలు తగలకూడదు. తగిలితే మందలకు నిలబడ్డ జీవం నిలబడ్డట్టే పడి చచ్చే చిటుకు రోగం వస్తుందని మాట. అలా ఎన్ని తరాలు పూశారో, మందమ్మ ఏడాదికేడాదికి లావెక్కుతూనే ఉంది.

ఆ డొంకకు అటూ ఇటూ ఉన్న మెట్ట భూమిని మూడేళ్ళ కిందట ఆనంద్ అనే ఆయన కొన్నాడు. మార్కాపురంలో కాపురం, నలభై ఏళ్ళ వాడు, మాట మెత్తన. బత్తాయి తోట వేశాడు. తోట పెరుగుతున్నకొద్దీ డొంక సన్నబడింది. మందలన్నీ పక్కనున్న వంక, అంటే వాగు, ఒడ్డున ఒక్క గొర్రె పట్టే అంచు మీద బారుగా నడవాల్సి వచ్చింది. రెండు గొర్రెలు వంకలో పడి కాళ్ళు విరగ్గొట్టుకున్నాయి. కుంటి మోకాలితో ఆ అంచు మీద నడవలేక పెద్దయ్య పాలచెలమ మొహం చూసి మూడేళ్ళయింది. ఈ ఏడు జూన్ మొదటి వారంలో ఆ అంచు కూడా లేకుండా డొంక మొత్తానికి అడ్డంగా రాతి స్తంభాలు పాతారు. తీగ లాగడమే మిగిలింది.

శ్రీశైలమ్మ పోయి అడిగింది. ఆనంద్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కాగితాలు చూపించాడు.

"నేను మీ దారి మూసినానని ఎందుకనుకుంటారమ్మా? నా హద్దులో నేను కంచె వేసుకుంటున్నా. డొంక వంకకు అవతల ఉందని నాకు అమ్మినాయన చెప్పినాడు. ఇదిగో రాళ్ళు కూడా చూపించినాడు."

"వంకకవతల నిట్టనిలువు బండ ఉంది నాయనా. అక్కడ మేక కూడా ఎక్కదు. మా తాతలు గొర్రెలకు రెక్కలు కట్టి తోలినారా?"

ఆనంద్ నవ్వాడు గానీ స్తంభాలు తియ్యలేదు. ఈలోపు జీవాల బేరగాడు ఊళ్ళోకి వచ్చి, మందలన్నీ ఒకేసారి తోలుకుపోతానని కబురు పెట్టాడు. అతను చావు వాసన పట్టినట్టు వచ్చాడని శ్రీశైలమ్మ తిట్టింది. కానీ పదకొండు ఇళ్ళలో ఏడిళ్ళవాళ్ళు ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని అమ్మేద్దామనే మాట్లాడుకున్నారు. దారి లేకపోతే మేత లేదు, నీళ్ళు లేవు. ఇంకేం చెయ్యాలి?

ఊరివాళ్ళు ఎమ్మార్వో ఆఫీసులో పెట్టుకున్న అర్జీ మీద సర్వేయరు వచ్చింది. పేరు అరుణకుమారి, గిద్దలూరు పిల్ల, నిండా పాతికేళ్ళుండవు. భుజాన మూడు కాళ్ళ కర్ర, దాని మీద పుట్టగొడుగు లాంటి యంత్రం. ఉపగ్రహంతో మాట్లాడుతుందట. ఊరంతా యంత్రం చుట్టూ మూగింది.

"ఇంత పెద్ద మిషనుంది కదా, డొంక ఎక్కడో చెప్పదా?" అన్నాడు పెద్దయ్య.

"మనం నిలబడిన చోటు ఎక్కడో ఇది చెబుతుంది పెదనాయనా. పాత పటం గీసినాయన ఎక్కడ నిలబడి గీసినాడో ఇదేం చెబుతుంది?" అంది అరుణకుమారి. పటం విప్పి వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, పటంలో డొంక ఉంది. వంద లింకులు, అంటే అరవై ఆరు అడుగుల వెడల్పు. కొలవాలంటే అప్పట్లో పాతిన రాయి ఒక్కటన్నా పాతిన చోటనే ఉండాల. తోటాయన చూపించిన రాళ్ళు పీకి మళ్ళీ పాతినవి, కింద మట్టి ఇంకా గుల్లగుల్లగానే ఉంది. మూడూర్ల పొలిమేరలు కలిసే కాడ ఒక పెద్ద రాయి ఉండాల. నాలుగు పలకలుగా చెక్కి, నెత్తిన మూడు గీతలు కొట్టి ఉంటారు. అది దొరికితే మీ డొంక దొరికినట్టే."

"దొరక్కపోతే?" అంది శ్రీశైలమ్మ.

"ఎల్లుండి సాయంత్రానికి నేను రిపోర్టు ఇయ్యాల పెద్దమ్మా. దొరకలేదని రాస్తా. కంచె లేస్తది."

అంతే, బోడిమిట్ట మొత్తం రాయి మీద పడింది. పొదలు నరికారు, గట్లు తవ్వారు, పాత గోడలు తడిమి చూశారు. ఒకరి ఇంటి మెట్టు, ఇంకొకరి రోలు పక్కన బండ, అన్నీ తిప్పి చూశారు. ఒక రాయి మీద గీతలు కనిపిస్తే కేకలు పెట్టి అందరినీ పిలిచారు. తీరా చూస్తే అది కొడవళ్ళు నూరుకునే రాయి. అరుణకుమారి యంత్రం పట్టుకుని డొంక మొదట్లో అటూ ఇటూ తిరిగి, ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఉండాలని తల పట్టుకుంది. రెండో రోజు మధ్యాహ్నం అలిసిపోయి, చెప్పులు విడిచి మందమ్మకు దణ్ణం పెట్టి, ఆ గుడి నీడనే కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచింది. పదకొండు ఇళ్ళ మగవాళ్ళూ ఆ పక్కనే చతికిలబడ్డారు. రాయి దొరికేలా చూడు తల్లీ అని మందమ్మకే మొక్కుకున్నారు.

ఆ మధ్యాహ్నమే శ్రీశైలమ్మ మందలో ఒక బూడిదరంగు గొర్రె ఈనింది. ఈ ఏటి తొలి ఈత అది. ఊరు మునిగినా తేలినా ముర్రుపాలు ముర్రుపాలే కాబట్టి, మగవాళ్ళు మళ్ళీ వెతకడానికి లేచి పోయాక ఆమె చెంబులో పిండుకుని మందమ్మ దగ్గరకు వచ్చింది. ఏప్రిల్, మే ఎండలకు మందమ్మ పసుపు నెర్రెలు పట్టి ఉంది. ఆమె పాలు పోస్తుంటే ఒక పక్క చిప్పంత పెచ్చు దానంతటదే ఊడి కింద పడింది. ఎవరి గోరూ తగల్లేదు. పెచ్చు ఊడిన చోట లోపలి రాయి రెండు వేళ్ళ మేర కనిపించింది.

శ్రీశైలమ్మ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. ఆ రాయికి మూల ఉంది.

కొండ మీద దొరికే రాయికి మూల ఉండదు. నీళ్ళు గుండ్రంగా చేస్తాయి, ఎండ పగలగొడుతుంది, అంతేగాని సూటిగా మూల తియ్యవు. మూల ఉందంటే మనిషి ఉలి పడిందన్నమాట. పదకొండిళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళు ఎవరు చూసినా అది తల్లి మహిమ అనుకుని కళ్ళకద్దుకునేవాళ్ళు. గనిలో రాయి కొట్టినవాడి కూతురు కాబట్టి ఆమెకు ఇంకోలా కనిపించింది.

ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వచ్చి పెద్దయ్యకు చెప్పింది. పెద్దయ్య మొహం పాలిపోయింది.

"నీకేమన్నా మతిపోయిందా ఏంది? మందమ్మను గీకి చూస్తావా? ఎనిమిదేండ్ల కిందట చిటుకు రోగమొచ్చి వారంలో నలభై జీవాలు పోయినయ్, మర్చిపోయినావా?"

ఆమె మర్చిపోలేదు. ఆ నలభైని తానే గుంట తీసి పూడ్చింది. ఒక్కోదాని మొహం ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఆమెకు భయం వేసింది, మామూలు భయం కాదు. తాను పొరపాటు పడి ఉంటే ఇకమీదట బోడిమిట్టలో ఏ గొర్రెపిల్ల తుమ్మినా ఆ పాపం తన నెత్తినే పడుతుంది. చచ్చేదాకా పడుతుంది. పోనీ, నోరు మూసుకుంటే? రేపు సాయంత్రానికల్లా దారి పోతుంది, నెల తిరిగేసరికి మందలు పోతాయి. రాళ్ళపిల్ల అని పిలవడానికి కూడా ఊళ్ళో మనిషి మిగలడు.

పొద్దు గూకే వేళకు ఆమె శేషమ్మ ఇంటికి వెళ్ళింది. శేషమ్మ పెద్దయ్యకు మేనత్త, అదే ఊరికి కోడలు. ఎనభై ఏళ్ళు దాటాయి. మందమ్మ పూజలో ఆమె మాటే మాట. సంగతి విని ముసలామె మంచం మీద నుంచి లేచి కూర్చుంది. అప్పటికే కబురు పాకి పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళూ వాకిట్లో చేరారు.

"గోరు తగలకూడదని మా అత్త చెప్పింది. ఆమెకు వాళ్ళత్త చెప్పింది. నువ్వు యాడనించో వచ్చి గీకుతానంటావా?"

"గీకుతానని నేనన్నానా అత్తా?"

"మరేం చేస్తావు?"

"తలంటు పోస్తా."

వాకిట్లో ఉన్న ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు.

"నూనె పెడ్తానే ఉన్నాం, పసుపు పూస్తానే ఉన్నాం," అంది శ్రీశైలమ్మ. "తలకు నూనె పెట్టి, నీళ్ళు పోయకుండ ఎవరినన్నా అట్లనే కూకోబెడతామా? మన ఆడబిడ్డనైతే అట్ల వదిలిపెడతామా? ఎన్ని తరాల నించి ఆ తల్లి జిడ్డు తలతోనే కూకోనుంది. ఒక్క కోడలికన్నా పోయాలని తోచిందా? గోరు తగలనియ్యను. ఇనుము తగలనియ్యను. కొండ కుంకుళ్ళు, వేన్నీళ్ళు, బీరపీచు. అంతే."

గీకకూడదన్న మాట శేషమ్మకు తెలుసు. తలంటు పొయ్యకూడదని మాత్రం ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. పైగా 'ఒక్క కోడలికన్నా తోచిందా' అన్న మాట ఆమెకు సూటిగా తగిలింది, ఎందుకంటే ఆ కోడళ్ళలో తాను అందరికన్నా పెద్దది.

"రోగమొస్తే?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"తలంటు పోసేది నేనే. నీళ్ళు అందియ్యండి చాలు. కోపమొస్తే నా మంద మీదికే రమ్మని పొద్దుటేల ఆమెతో చెప్పుకుంటా. మీ జీవాల జోలికి రాదు."

శేషమ్మ మెల్లగా మంచం దిగింది. "నీళ్ళు మరీ కాగనియ్యొద్దు," అంది. "తల్లి మాడు కాలుద్ది."

మూడో రోజు పొద్దున్నే డొంక మొదట్లో పదకొండు పొయ్యిలు వెలిగాయి. కొండ నుంచి తెచ్చుకుని దాచుకున్న కుంకుడుకాయలన్నీ బయటికొచ్చాయి. కాగుల్లో రసం నురగలు కక్కింది. అరుణకుమారికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. యంత్రం పక్కన పెట్టి, ఆమె కూడా బిందె అందుకుంది. ఆనంద్ తోట గట్టు మీద నిలబడి, చేతులు కట్టుకుని చూశాడు. రిపోర్టు ఆఖరి రోజున ఈ జనం పూజ మొదలుపెట్టారేమిటని అతనికి నవ్వొచ్చింది.

శ్రీశైలమ్మ ముందుగా ఆముదం పట్టించింది. దీర్ఘాయుష్షు తల్లీ అని పసిబిడ్డకు చెప్పినట్టే చెప్పింది. కుంకుడు రసం పోసి రెండు చేతులతో రుద్దింది. మొదట పచ్చటి నీళ్ళు పారాయి. తర్వాత ఎర్రటివి. మళ్ళీ పచ్చవి. ఒక పొర కిందికి వచ్చేసరికి నల్లగా, దీపం మసి కలిసిన జిడ్డు వచ్చింది. "అది మా అత్త కాలంది. ఆమె రోజూ దీపం పెట్టేది," అని శేషమ్మ ముక్కు చీదింది. గంట గడిచింది. శ్రీశైలమ్మ వేళ్ళు ఉబ్బాయి, బీరపీచులు నాలుగు అరిగిపోయాయి, ఎవరైనా సాయం వస్తామంటే కసురుకుంది. నీళ్ళ కాగంత ఉన్న మందమ్మ మెల్లమెల్లగా బిందెంత అయింది. తల్లి మొత్తం కరిగి నీళ్ళలో పోతుందేమోనని పెద్దయ్య కళ్ళు మూసుకున్నాడు.

ఎండ నెత్తి మీదికి వచ్చే వేళకు ఆఖరి బిందె గుమ్మరించారు. రాయి బయటపడింది. మోకాలెత్తు కూడా లేదు. నాలుగు పలకలుగా చెక్కిన నల్లరాయి. నెత్తిన మూడు గీతలు, మూడు దిక్కుల నుంచి వచ్చి నడిమధ్య కలిశాయి.

అరుణకుమారి కెవ్వున కేక పెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని చున్నీతో రాయి తుడిచింది. "ఇదే పెద్దమ్మా! మూడూర్ల రాయి ఇదే! నిన్న దీని పక్కనే కూర్చుని అన్నం తిన్నాం గదా!"

మగవాళ్ళు ఈలలు వేశారు. శేషమ్మ మాత్రం కదల్లేదు. ఆమె మొహంలో ఉన్నది సంతోషం కాదు. "అయితే ఇన్నేండ్లు మనం మొక్కింది సర్కారోళ్ళ హద్దురాయికా?" అంది చిన్నగా. ఆ మాటతో ఈలలు ఆగిపోయాయి. నిజమే కదా అని అందరికీ అనిపించింది. గెలిచినందుకు సంతోషించాలో, తల్లి పోయినందుకు ఏడవాలో తెలియక జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

శ్రీశైలమ్మ ఉబ్బిన చేతులు చీరకు తుడుచుకుంది.

"అమ్మాయ్, మీ పటంలో ఇట్లాంటి రాళ్ళు ఎన్ని ఉన్నయ్?"

"ఈ చుట్టుపక్కల పద్నాలుగు పెద్దమ్మా."

"పాతిన చోట ఉన్నయి ఎన్ని?"

"ఇదొక్కటే."

"విన్నావా అత్తా? పాతినోళ్ళు మర్చిపోయినారు. పదమూడు రాళ్ళు పీకి గోడల్లో పెట్టుకున్నారు, మెట్లు వేసుకున్నారు. దీన్ని మాత్రం ఏ మొనగాడూ ముట్టుకోలా. ఎందుకు ముట్టుకోలా? మీ అత్త దీపం పెట్టింది గనక. నువ్వు పసుపు పూసినావు గనక. ఆమె తల్లి కాకపోయుంటే ఈ పాటికి ఎవని దొడ్డిగోడలోనో ఉండేది. ఇది సర్కారు రాయంటే నేనొప్పుకోను. ఇన్ని తరాలు మన దారిని పట్టుకోని కూకున్నది, తల్లి కాక ఇంకేంది?"

శేషమ్మ ఏడుస్తూ నవ్వింది. పసుపు గిన్నె అందుకుని రాయి నాలుగు వైపులా పూసింది. నెత్తిన ఉన్న మూడు గీతల మీద మాత్రం పుయ్యలేదు. "మొహం కనబడనీ. ఇంక నించి ఏటేటా తలంటు పొయ్యాల," అని కోడళ్ళందరికీ అక్కడికక్కడే ఆజ్ఞ వేసింది.

అరుణకుమారి మూడు గీతలు కలిసిన చోట యంత్రం నిలబెట్టింది. అది కూత వేసింది. అక్కడి నుంచి పటం లెక్క ప్రకారం నడుచుకుంటూ పోయి సున్నం గీత గీసింది, అరవై ఆరు అడుగులు కొలిచి రెండో గీత గీసింది. కొత్తగా పాతిన స్తంభాలన్నీ ఆ రెండు గీతల మధ్యనే ఉన్నాయి. వాటితో పాటు రెండు వరుసల బత్తాయి చెట్లు కూడా. వంక ఒడ్డు అసలు డొంకలోకే రాదు.

ఆనంద్ గట్టు దిగి వచ్చాడు. గీతలు చూశాడు, పటం చూశాడు, మందమ్మను చూశాడు. మొహంలో నెత్తురు లేదు. "నేను మోసం చెయ్యలేదమ్మా. చూపించినదాన్ని నమ్మి కొన్నా," అన్నాడు.

"తెలుసు నాయనా. ఆ రెండు వరుసల కాయ ఈ ఏడు కోసుకో, మేమేం అడ్డం రాము. స్తంభాలు మాత్రం పీకించు," అంది శ్రీశైలమ్మ. అతను పంచనామా మీద సంతకం పెట్టాడు. వారం తిరక్కుండా ఎమ్మార్వో ఆఫీసు నుంచి డొంక డొంకేనని కాగితం వచ్చింది. స్తంభాలు లేచిపోయాయి. ఆ వారమంతా శ్రీశైలమ్మ రోజుకు నాలుగుసార్లు దొడ్డిలోకి పోయి ప్రతి గొర్రె కంట్లోకీ చూసింది. ఒక్కటి కూడా తుమ్మలేదు.

మందలు కొండకెక్కే రోజు పొద్దున్నే జీవాల బేరగాడు మినీ లారీ వేసుకుని దిగాడు. జరిగింది అతనికి తెలియదు.

"ఎన్ని ఎక్కించమంటావక్కా?" అన్నాడు.

"నువ్వెక్కి పో," అంది శ్రీశైలమ్మ. ఊరు ఊరంతా నవ్విన నవ్వుకు లారీ వెనక్కు తిరిగింది.

పదకొండు మందల్లో ముందు ఎవరు నడవాలన్న వాదన కూడా రాలేదు. శేషమ్మ దోటి తీసి శ్రీశైలమ్మ చేతికిచ్చింది. "నడువు రాళ్ళపిల్లా," అంది. ఆ పేరు విని అంత పొంగిపోవడం శ్రీశైలమ్మకు జీవితంలో అదే మొదటిసారి.

తీరా డొంకలోకి అడుగు పెట్టగానే గొర్రెలు మూడేళ్ళ అలవాటు కొద్దీ వంక వైపుకు తిరిగి, ఒకదాని వెనక ఒకటి బారు కట్టాయి. రెండు వరుసల బత్తాయి చెట్లు తప్ప అంత దారీ ఖాళీగా ఉన్నా వాటికి తెలియలేదు. శ్రీశైలమ్మ పరుగున ముందుకు పోయి, డొంక నడిమధ్యన నిలబడి, గొంతెత్తి పిలిచింది. ముందున్న ముసలి గొర్రె తల తిప్పి చూసింది. నాలుగు అడుగులు నడిమికి వేసింది. ఇంకోటి దాని పక్కకు వచ్చింది, ఇంకోటి ఆ పక్కకు. చూస్తుండగానే తొంభై గొర్రెలూ అరవై ఆరు అడుగుల మేర ఈ గీత నుంచి ఆ గీత దాకా విచ్చుకుని, మేత కొరుక్కుంటూ, తోసుకుంటూ, అరుచుకుంటూ కొండ వైపు సాగాయి. వెనక ఉన్న పది మందలూ అదే తీరున వచ్చాయి. అరుణకుమారి ఫోను తీసి ఫోటో తియ్యబోయి, కళ్ళు మసకబారి, తియ్యడం మానుకుంది.

పెద్దయ్య కర్ర పట్టుకుని పక్క నుంచి, గట్టు అంచు వెంబడి కుంటుకుంటూ వస్తున్నాడు.

"అంచున ఎందుకయ్యా? నడిమికి రా," అని కేకేసింది శ్రీశైలమ్మ.

అతను నడిమికి వచ్చాడు. ఇద్దరూ పాలచెలమ దాకా ఎక్కడా, ఎవరికీ, పక్కకు తప్పుకోకుండా నడిచారు.